ఖరారు చేసే మనిషి

భాగ్య హైదరాబాదులో ఎల్.ఎల్.ఎం. చదువుతోందని అంటే కోదాడలో అందరికీ అర్థమయ్యేది. అది టెక్నాలజీ లా, ఇన్నోవేషన్‌లో అని చెప్పేసరికి ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు. ఆదివారం చర్చి బయట ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న యోహాను, "కంప్యూటరు తప్పు చేస్తే ఎవరిని పట్టుకోవాలో చెప్పే చదువండీ" అనేవాడు. అడిగినవాళ్లు తలూపి, పెళ్లెప్పుడు చేస్తున్నారు మాస్టారూ అని మాట మార్చేవాళ్లు.

యోహాను ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాడు. ఆ స్కూల్లో ముఖం చూసి హాజరు వేసే కెమెరా పెట్టిన కొత్తలో ఆయన కంటికి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని బడికి వెళ్తే కెమెరా ఆయనను గుర్తుపట్టలేదు. పాఠాలన్నీ చెప్పాడు, పరీక్ష పేపర్లు దిద్దాడు, నెలాఖరుకు జీతంలో కోత పడింది. ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్తే ఆయన నొచ్చుకున్నాడు. "మాస్టారూ, మీరు రోజూ వచ్చారని నాకు తెలుసు. కానీ సిస్టంలో మార్చే అధికారం నాకు లేదు" అన్నాడు.

భాగ్య తన థీసిస్‌ను ఆ మాటతోనే మొదలుపెట్టింది. యంత్రం మనిషి మీద తీర్పు చెప్పినప్పుడు, ఆ మనిషి గోడు వినడానికి ఇంకో మనిషి ఉండాలి, ఆ రెండో మనిషికి తీర్పును మార్చే అధికారం పూర్తిగా ఉండాలి అని రాసింది. గైడు మేడం చదివి మెచ్చుకుంది కానీ ఒక్కచోట పెన్సిలుతో గీత గీసింది.

"పూర్తి అధికారం అంటే ఏ కంపెనీ ఒప్పుకోదు భాగ్యా. అమలు కాని సిఫారసు రాసి ఏం లాభం? 'చట్టం తెలిసిన అర్హత గల వ్యక్తి పరిశీలించి ఖరారు చేస్తే, అది యంత్రం నిర్ణయం కాదు, మనిషి నిర్ణయంగానే భావించాలి' అని రాయి. పరిశ్రమకూ బాగుంటుంది, నీకూ బాగుంటుంది."

భాగ్య రెండు రోజులు గునిసి, ఆ వాక్యం అలాగే రాసింది.

యూనివర్సిటీలో జరిగిన ఒక సదస్సులో ఆమెకు తిరుపతి పరిచయమయ్యాడు. సూర్యాపేట పక్కన ఆత్మకూర్ (ఎస్) అతనిది. ఇంజనీరింగ్ చదివి, వడ్ల నాణ్యతను కెమెరాతో పట్టే మిషన్ తయారుచేశాడు. స్టేజీ మీద నిలబడి ఇంగ్లీషులో మొదలుపెట్టినవాడు కాసేపటికి తెలుగులోకి దిగిపోయాడు.

"మా నాయిన వడ్లు అమ్మవోతే మిల్లుల గోపయ్య అని ఒకాయన ఉండెటోడు. గుప్పెడు వడ్లు చేతిల వట్టుకొని, మా నాయిన మొహం ఒకసారి, ఓనరు మొహం ఒకసారి సూసి రేటు చెప్పెటోడు. నా మిషన్ ఎవ్వరి మొహం సూడది. వడ్లు సూస్తది."

చప్పట్లు బాగా మోగాయి. భాగ్య కూడా కొట్టింది. టీ దగ్గర అతనే వచ్చి పలకరించాడు. మిషన్‌ను మిర్యాలగూడలో ఒక పెద్ద రైస్ మిల్లు తీసుకుంటోందని, మిషన్ మీద కేసులు పడకుండా ఏం చెయ్యాలో చూసుకోమని పెట్టుబడిదారుల లాయర్లు చెప్పారని అన్నాడు.

"మీ థీసిస్ గురించి విన్న మేడం. మీరు రాసిందే చేద్దాం. గేటు కాడ ఒక మనిషిని కూసోవెడదాం. రైతుకు మిషన్ చెప్పింది నచ్చకపోతే ఆ మనిషి దగ్గరికి పోతడు. ఆ మనిషి మీరే ఎందుకు కావద్దు?"

ఆమె క్లాసులో మిగతావాళ్లు బెంగళూరు కంపెనీల్లో ప్రైవసీ పాలసీలు రాసే ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతున్నారు. తను రాసింది మాత్రం లైబ్రరీలో దుమ్ము పట్టకుండా మిల్లు గేటు దాకా వెళ్తోందనుకుంటే భాగ్యకు గర్వంగా అనిపించింది. థీసిస్ సమర్పించి, వైవా తేదీ రాకముందే ఉద్యోగంలో చేరింది.

మిర్యాలగూడలో అప్పుడు వానాకాలం కోతలు ఊపు మీదున్నాయి. మిల్లు బయట రోడ్డు వెంట పచ్చి వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉండేవి. గేటు పక్కనే అద్దాల గది కట్టి, ఏసీ పెట్టి, తలుపు మీద 'పునఃసమీక్షాధికారి' అని బోర్డు తగిలించారు. ఆ మాట నోరు తిరగక రైతులు ఆమెను అద్దాల మేడం అన్నారు.

పని తేలికైనదే. ట్రాలీలో నాలుగు చోట్ల నుంచి వడ్లు తీసి మిషన్ కింద పళ్లెంలో పోస్తారు. కెమెరా చూస్తుంది, తేమ కొలుస్తుంది, టీవీ తెర మీద ఏ, బి, సి అని గ్రేడు పడుతుంది. 'ఏ' గ్రేడు పడితే మంచి రేటు. సి పడితే మిల్లు తీసుకుంటుంది గానీ, కోత మిషన్ కిరాయి కూడా వెళ్లని రేటు. రైతు ఒప్పుకోకపోతే అద్దాల గది కిటికీ దగ్గరకు వస్తాడు. భాగ్య వడ్లు చూసి గ్రేడు మార్చవచ్చు, లేదంటే 'ఖరారు' నొక్కవచ్చు.

మొదట్లో ఆమె గదిలో కూర్చోలేదు. ప్రతి ట్రాలీ దగ్గరకు తనే వెళ్లి వడ్లు చేతిలోకి తీసుకునేది. పొద్దున మంచుకు తడిసిన వడ్ల పొట్టు నల్లగా కనబడితే మిషన్ దాన్ని రంగు మారిన గింజ అనుకుంటోందని తొందరగానే తెలిసింది. పొట్టు తీసి చూస్తే లోపల బియ్యం తెల్లగా ఉండేది. అలాంటివన్నీ మార్చేసింది. తిరుపతికి ఫొటోలు పంపింది. అతను ప్రతిసారీ, థాంక్స్ మేడం, దీన్ని మిషన్‌కు నేర్పుతా అని జవాబిచ్చేవాడు.

ఆ మిల్లులో ఒక మేడం ఉంది, మంచిగ సూస్తది అన్న మాట నిడమనూరు, పెద్దవూర దాకా పాకింది. వేరే మిల్లుల దగ్గర ఆగిన ట్రాక్టర్లు కూడా ఇటు తిరిగాయి. మిల్లు ఓనరు ట్రాక్టర్ల బారు చూసి సంతోషించాడు, గ్రేడ్లు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం ఆమె తెర మీద 'మార్చు' అనే బటన్ కనబడలేదు. 'ఖరారు' ఒక్కటే ఉంది. తిరుపతికి ఫోన్ చేసింది.

"బటన్ పోయిందండీ."

"పోలే మేడం. రేపు పొద్దున మళ్ల వస్తది. రోజుకిన్ని అని లిమిట్ పెట్టినం. అది అయిపోతే ఇగ ఖరారే."

"ఎవరు పెట్టమన్నారు?"

"మిల్లోల్లు అడిగిండ్రు. ఇన్వెస్టర్లు అడిగిండ్రు. మీరు మార్చినవన్నీ మిషన్ తప్పుల కింద లెక్కకొస్తున్నయ్ మేడం. గట్ల చూపిస్తే ఇంకో మిల్లు ఎవడు తీసుకుంటడు?"

"అవి తప్పులే కదా."

"తప్పులే. నాకు ఎర్కే. జర ఈ సీజన్ ఓపిక పట్టుండ్రి. వచ్చే సీజన్‌కు మిషన్ మంచిగైతది."

భాగ్య గైడు మేడంకు ఫోన్ చేసి రాజీనామా చేస్తానంది. ఆమె వద్దంది. "బయటికొచ్చి ఏం చేస్తావ్? లోపల ఉండి మార్చడమే ఇన్నోవేషన్ అంటే. ఇట్లాంటి అనుభవం ఎవరికి దొరుకుతుంది? దీని మీద పేపరు రాద్దాం మనం." ఆ మాటలు భాగ్యకు పూర్తిగా రుచించలేదు. అయినా ఉండిపోయింది. తను వెళ్లిపోతే పొద్దున వచ్చే ఆ కొద్దిమందికి కూడా దిక్కు ఉండదని తనకు తాను చెప్పుకుంది.

అప్పటినుంచి ఆమె పని వేరే అయింది. ఎవరికి మార్చాలి, ఎవరికి మార్చకూడదు? వడ్లన్నీ ఒకలాగే ఉన్నప్పుడు ఏం చూసి తేల్చాలి? కిటికీ అవతల నిలబడ్డ మనిషి చొక్కా చూసేది, చెప్పులు చూసేది, ముఖం చూసేది. కౌలు రైతా, సొంత పొలమా అని అడిగేది. ముసలివాళ్లకు మార్చేది. గట్టిగా మాట్లాడేవాళ్లకు మార్చేది కాదు. కొన్నాళ్లకు తను చేస్తున్నది గోపయ్య పనేనని ఆమెకు తట్టింది.

దస్రు, అతని భార్య రుక్మాబాయి పెద్దవూర అవతల తండా నుంచి వచ్చారు. ఇద్దరూ ట్రాక్టరుతోనే ఉన్నారు. వాళ్ల వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తెర మీద సి పడింది. దస్రు కిటికీ దగ్గరకు వచ్చి, తువ్వాల భుజం మీద సర్దుకుని నిలబడ్డాడు.

"మేడం, నీ పేరు విని వచ్చినం. మా బామ్మర్ది వడ్లు మొన్న నువ్వే మంచిగ సూసినవంట. మా చేనూ ఆయన చేనూ ఒక్క కాలువ కిందనే."

భాగ్య బయటకు వచ్చి ట్రాలీలో చెయ్యి పెట్టింది. సన్న వడ్లు, తాలు పెద్దగా లేదు. పొట్టు తీస్తే గింజ తెల్లగా ఉంది. మళ్లీ గదిలోకి వచ్చి తెర చూసింది. 'మార్చు' ఎప్పుడో పోయింది.

"కాకా, ఇవి సి రావలసిన వడ్లు కావు."

"మరి మార్చు బిడ్డా" అంది వెనక నుంచి రుక్మాబాయి.

"ఇవాళ నాకు వీలు కాదమ్మా. ఇవాల్టికి అయిపోయింది. రేపు పొద్దున్నే మీదే మొదట చూస్తాను. ఈ రాత్రికి ఆగండి. రేపు తప్పకుండా మారుస్తాను."

దస్రు భార్యతో లంబాడీలో ఏదో అన్నాడు. ఆమె ఆకాశం వంక చూసి జవాబు చెప్పింది. దస్రు భాగ్య వైపు తిరిగాడు. "పచ్చి వడ్లు మేడం. ట్రాలీల ఉంటే కాగుతయి. పక్క మిల్లోడు బి రేటుకు తీస్కుంట అంటున్నడు. గాడికి పోమంటవా, ఆగమంటవా? నువ్వు చెప్పినట్టే చేస్తం."

బి రేటు అన్యాయమని భాగ్యకు తెలుసు. వాళ్లకు రావలసింది ఇప్పించాలని గట్టిగా అనిపించింది. "ఆగండి కాకా" అంది.

ఆ రాత్రి వాన పడింది. వడ్లు తడవకుండా వాళ్లు టార్పాలిన్ పట్టా కప్పారు. పొద్దున భాగ్య బస్సు దిగి గేటు దగ్గరకు వచ్చేసరికి దస్రు పట్టా తీసి నిలబడి ఉన్నాడు. ట్రాలీ నుంచి ఆవిరి లేస్తోంది. ఆమె చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. లోపల వడ్లు పొయ్యి మీద పెట్టినట్టు కాగి ఉన్నాయి. ముక్కిన వాసన కొట్టింది. పొట్టు తీస్తే గింజ పసుపు పచ్చగా ఉంది.

మిషన్ మళ్లీ సి చూపించింది. ఈసారి అది నిజమే చెప్పింది.

భాగ్య గదిలోకి వెళ్లి 'మార్చు' నొక్కింది, 'ఏ' అని పెట్టింది. కాంటా దగ్గర మిల్లు మేనేజరు ట్రాలీని ఆపేశాడు. వాసన వచ్చే వడ్లకు ఏ గ్రేడు ఎట్లిస్తారని అరిచాడు. ఓనరు వచ్చాడు. నిన్నటి వడ్ల సంగతి వేరు అని ఆమె చెప్పబోయింది.

"నిన్న మరి ఎందుకు మార్చలే మేడం? నిన్న మీరే ఖరారు నొక్కిండ్రు కదా" అన్నాడు ఓనరు.

నిజమే. కిటికీ దగ్గర ఎవరున్నా, సాయంత్రం ఇంటికెళ్లేముందు తెర మీద మిగిలినవన్నీ ఖరారు చెయ్యందే కంప్యూటరు మూసుకోదు. దస్రు వడ్లు కూడా అందులో ఉన్నాయి.

వడ్లను వెనక్కి పంపారు. పక్క మిల్లువాడు కూడా వద్దన్నాడు. ఆఖరికి దాణాకు కొనేవాడెవరో తీసుకున్నాడు. ఎంతకు అని అడిగే ధైర్యం భాగ్యకు చాలలేదు. వెళ్లేటప్పుడు రుక్మాబాయి కిటికీ దగ్గర ఆగింది. ఏమైనా తిడుతుందనుకుంది భాగ్య. ఆమె తిట్టలేదు. అద్దం వంక కాసేపు చూసి, ట్రాక్టరెక్కింది.

దస్రు వాళ్ల కూతురు రమ్య మిర్యాలగూడలో డిగ్రీ చదువుతోంది. ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఇలాగే దెబ్బతిన్న నిడమనూరు రైతులను కూడా పోగుచేసి కలెక్టరాఫీసులో ఫిర్యాదు పెట్టింది. పేపర్లో వార్త వచ్చింది. విచారణకు ఒక అధికారిని వేశారు. రమ్య హాస్టల్ నుంచి ఫోన్ చేసి భాగ్యను సూటిగా అడిగింది.

"మీరు సాక్ష్యం చెప్తరా మేడం? లేకుంటే మీరు గూడ వాళ్ల దిక్కేనా?"

"చెప్తాను" అంది భాగ్య. ఆ రోజే రాజీనామా పంపింది. తిరుపతి ఫోన్ చేశాడు గానీ ఎత్తలేదు. కోదాడలో యోహాను సంగతంతా విని, "నిజం చెప్పడానికి వెళ్తున్నావు, భయమెందుకమ్మా" అన్నాడు. ప్రార్థన చేసి పంపాడు.

విచారణ గది చిన్నది. ఒక పక్క దస్రు, రమ్య, ఇంకొందరు రైతులు. ఇంకో పక్క మిల్లు మేనేజరు, తిరుపతి, హైదరాబాదు నుంచి వచ్చిన కంపెనీ లాయరు. భాగ్య తను చూసిందంతా చెప్పింది. మంచుకు తడిసిన పొట్టు సంగతి, లిమిట్ సంగతి, బటన్ మాయమవడం, అన్నీ వరసగా చెప్పింది. అధికారి శ్రద్ధగా రాసుకున్నాడు. దస్రు ముఖం కొంచెం విచ్చుకుంది.

కంపెనీ లాయరు మర్యాదగా లేచాడు.

"మేడం, మీరు టెక్నాలజీ లాలో ఎల్.ఎల్.ఎం. చదివారు కదా?"

"అవును."

"ఈ థీసిస్ మీదే కదా? మీరు సమర్పించగానే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో పెట్టారు." కాగితాలు ముందు పెట్టి, గుర్తు పెట్టుకున్న చోట చదివాడు. "చట్టం తెలిసిన అర్హత గల వ్యక్తి పరిశీలించి ఖరారు చేస్తే, అది యంత్రం నిర్ణయం కాదు, మనిషి నిర్ణయంగానే భావించాలి. ఇది మీరు రాసిందే కదా?"

"రాసింది నేనే. కానీ ఆ మనిషికి మార్చే అధికారం..."

"అధికారం గురించి ఈ వాక్యంలో ఏమీ లేదు కదండీ."

లాయరు కాగితం తిప్పాడు.

"దస్రు గారి వడ్లు సి అని మొదటి రోజు ఖరారు చేసింది ఎవరు?"

"ఇంకో బటన్ లేదు."

అధికారి తలెత్తాడు. "నొక్కినవా లేదా? అది చెప్పమ్మా."

"నొక్కాను."

"రాత్రికి ఆగమని రైతుకు చెప్పింది మిషనా, మీరా?" అన్నాడు లాయరు.

"నేనే."

ఆయన కూర్చున్నాడు. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. తిరుపతి తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. లిమిట్ గురించి అధికారి అతన్ని అడిగితే, అది పని నాణ్యత కోసం పెట్టింది సార్ అన్నాడు.

నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. మిషన్‌లో లోపం రుజువు కాలేదు. నిర్ణయాలన్నీ అర్హత గల అధికారి సమీక్షించి ఖరారు చేసినవే. ఒక రైతుకు జరిగిన నష్టం సదరు అధికారి ఇచ్చిన తప్పుడు సలహా వల్ల జరిగింది, ఆమె ఇప్పుడు ఉద్యోగంలో లేదు. సమీక్షాధికారులకు మరింత శిక్షణ ఇవ్వాలి. అంతే. అందులో దస్రు పేరు ఒక్కసారి వచ్చింది, అదీ తప్పుగా రాశారు.

వైవా రోజు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు భాగ్యను తెగ మెచ్చుకున్నాడు. ఎల్.ఎల్.ఎం.లో రాసిన సిఫారసు పరిశ్రమలో అమలు కావడం, దాన్ని ఒక ప్రభుత్వ విచారణలో ప్రస్తావించడం తను ఇంతవరకు చూడలేదన్నాడు. ఆ వాక్యం తప్పు సార్, దాన్ని తీసేస్తాను అంది భాగ్య. సమర్పించినదాన్ని ఇప్పుడు మార్చడానికి రూల్స్ ఒప్పుకోవని గైడు మేడం నవ్వుతూ చెప్పింది. ఆమెకు డిస్టింక్షన్ ఇచ్చారు. కోదాడలో చర్చివాళ్లు కేకు కోయించారు. యోహాను అందరికీ కేకు పంచాడు. కూతురు ముఖం చూసి, ఇంటికెళ్లాక ఏమీ అడగలేదు.

మిల్లు అద్దాల గదిలోకి ఆమె జూనియరే వచ్చింది. చేరేముందు ఫోన్ చేసి, అక్కా, పని ఎట్లుంటది అని అడిగింది. భాగ్య అంతా చెప్పింది. ఆ అమ్మాయి ఓపికగా విని, "నాకు ఇంట్ల పరిస్థితి బాగలేదక్కా" అంది.

ఆమె సూర్యాపేటలో బీరప్ప అనే సీనియర్ లాయరు దగ్గర జూనియరుగా చేరింది. భూమి పంపకాలు, రోడ్డు ప్రమాదాల కేసులు. కోర్టు వరండాలో నిలబడి వాయిదాలు తీసుకోవడం. ఆమె చదువు సంగతి తెలిసి బీరప్ప మొదటి రోజే అన్నాడు. "ఆ కంప్యూటర్ లా ఏందో మనకు ఈడ పనికిరాదమ్మా. మంచిగ పిటిషన్ రాసుడు నేర్చుకో." ఆమెకు ఆ మాట సుఖంగానే అనిపించింది.

వేసవిలో, యాసంగి పంట కోతలప్పుడు, ఒక ఆదివారం ఆమె పెద్దవూర బస్సెక్కింది. తండాకు ఆటోలో వెళ్లి దస్రు ఇల్లు అడిగింది. రుక్మాబాయి వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తోంది. ఆమెను గుర్తుపట్టి మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. దస్రు చేను నుంచి వచ్చి చేతులు కడుక్కుని, దూరంగా గడప మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను కాకా. నేను బయటికొచ్చి మీ తరఫున చెప్పాను. అయినా..."

"చెప్పినవ్. సూసిన" అన్నాడు దస్రు. అతని గొంతులో కోపం లేదు, అది ఆమెకు ఇంకా కష్టంగా ఉంది. "ఒక మాట చెప్త, ఏమనుకోకు మేడం. మిషన్ ఒక్కటే ఉంటే మేం నమ్మకపోదుము. సి అన్నదా, తూ అని పక్క మిల్లుకు పోదుము. బి రేటుకు అమ్ముకొని ఇంటికొద్దుము. గాడ మనిషి ఉన్నదని ఆగినం. సదువుకున్న పిల్ల, మంచిగ మాట్లాడింది, ఆగమన్నది, ఆగినం. గంతే."

భాగ్య నీళ్ల గ్లాసు కింద పెట్టింది. రుక్మాబాయి లంబాడీలో భర్తను మందలించినట్టు ఏదో అంది. అతను లేచి లోపలికి వెళ్లాడు.

సెలవుకు ఇంటికొచ్చిన రమ్య ఆమెను బండి మీద రోడ్డు దాకా దింపింది. కాలువ దాటాక కోత మిషన్ ఒకటి ఎదురొస్తే రమ్య బండిని పక్కకు తీసి ఆపింది.

"ఈసారి వడ్లు ఎక్కడ అమ్ముతున్నారు?" అని అడిగింది భాగ్య.

"ఎక్కడైతే ఏంది మేడం. ఇప్పుడు అన్ని మిల్లులల్ల అదే మిషన్ పెట్టిండ్రు. అన్నిట్ల అద్దాల గది ఉన్నది."

"ఆ గదికి వెళ్తారా?"

"నాయిన పోడు" అంది రమ్య. "అమ్మ పోదామంటది. ఇంట్ల రోజూ గదే లొల్లి."

కోత మిషన్ దాటిపోయింది. దుమ్ము తగ్గాక రమ్య బండి స్టార్ట్ చేసింది. బస్ స్టేజీ దగ్గర సూర్యాపేట బస్సు లేదు, మిర్యాలగూడ బస్సు వచ్చింది. అక్కడ మారవచ్చని భాగ్య దాన్నే ఎక్కింది.